వణుకు తీసేసిన ఫైలు

జూన్ 3

ఒరేయ్ పెన్సిలూ,

ముందు క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. క్షేమమే. ఇక అసలు సంగతి.

నిన్న మా లాండ్రీకి మెళ్ళో టై కట్టుకున్నతను ఒకడు రెండు అట్టపెట్టెలతో దిగాడు. దుప్పట్లు మడిచే బల్లల దగ్గర మా ముప్ఫై రెండు మందినీ వరసగా నిలబెట్టి తలా రెండు పట్టీలు పంచాడు. ఒకటి మణికట్టుకి, ఒకటి నడుముకి. పట్టీ మధ్యలో కోటు బొత్తమంత నల్ల బిళ్ళ, దాని మీద నంబరు. నాది పధ్నాలుగు. పొద్దున గేట్లోకి రాగానే కట్టుకోవాలి, సాయంత్రం గేటు దాటేముందు విప్పివ్వాలి. ఎంత వంగాం, ఎన్నిసార్లు చెయ్యి చాపాం, ఎక్కడ ఆగాం, అన్నీ అందులో పడతాయట. ఎందుకయ్యా అంటే "మీ నడుముల ఆరోగ్యం కోసమేనమ్మా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఆరేళ్ళుగా ఆసుపత్రుల దుప్పట్లు మడుస్తున్నాను. తడి దుప్పటి మోస్తే నడుము ఏమవుతుందో చెప్పడానికి నాకు నోరుంది. ఇన్నాళ్ళలో ఒక్కడు అడిగిన పాపాన పోలేదు. బల్ల నాలుగంగుళాలు ఎత్తు పెంచండని మూడు అర్జీలు పెట్టాం. మూడూ ఏ సొరుగులో నిద్రపోతున్నాయో తెలీదు. ఇప్పుడు మమ్మల్ని వదిలేసి బొత్తాన్ని అడుగుతారట! ఆరోగ్యం కోసమే అయితే మేనేజరు నడుముకి ఎందుకు కట్టలేదు? ఆయనకి నడుము లేదా? ఇదే మాట టై అబ్బాయిని అడిగాను. వెనకనుంచి "మొదలైంది ఉపన్యాసం" అని ఎవరో నవ్వారు. నన్ను వీళ్ళు పిలిచే పేరు అదే కదా.

అది కాదు అసలు మంట. బిళ్ళ వెనక్కి తిప్పితే మూడు అలలు, కింద ఒక చుక్క, ఆ గుర్తు కనిపించింది. పోయినసారి వచ్చినప్పుడు నీ భుజాన వేలాడిన సంచి మీద ఉన్న గుర్తు. ఏం పనిరా నీది అంటే "కొలతల కంపెనీ, నీకు అర్థం కాదులే అక్కా" అన్నావు. ఏం కొలుస్తావో ఇప్పుడు అర్థమైంది. నన్ను.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోను గేటు దగ్గర పెట్టెలో పెట్టాలి, తాళం వాళ్ళ చేతిలో ఉంటుంది. దాని మీద నాకు నమ్మకం లేదు. పైగా ఫోన్లో నువ్వు "సరే సరే" అని తప్పించుకుంటావు. కాగితం మీద తప్పించుకో చూద్దాం.

అక్క

*

జూన్ 11

అక్కకి,

నీ ఉత్తరం అందింది. కవరు చూడగానే మీ మరదలు "వదినగారి ఉత్తరమా, అయితే తిట్లే" అంది. చదివాక "ఈసారి నా వాటా ఏమీ లేదు" అని తృప్తిపడింది.

అవును, ఆ బిళ్ళ మాదే. దాచాలని కాదు. చెప్తే ఇలాగే ఉపన్యాసం వినాలని చెప్పలేదు. అందులో భయపడాల్సింది ఏమీ లేదక్కా. అది చూడదు, వినదు. ఒంపు, కుదుపు, మలుపు, ఈ మూడే దానికి తెలుసు. సెకనుకి వందసార్లు ఆ మూడూ రాసుకుంటుంది. నా బల్ల మీదికి వచ్చేసరికి అన్నీ అంకెలే. పేర్లుండవు, మొహాలుండవు. "దుప్పట్ల లాండ్రీ, ముప్ఫై రెండు మంది" అని కొత్త ఫైలు ఒకటి మొదలైంది. అది మీదే అయ్యుండాలి.

నా పని ఏమిటన్నావు. నువ్వు దుప్పట్లు ఉతికినట్టే నేను అంకెలు ఉతుకుతాను. పట్టీ వదులై ఊగుతుంది, పక్కన యంత్రం అదురుతుంది. అవన్నీ అంకెల్లో మరకల్లా పడతాయి. వాటిని తీసేసి, మనిషి కదలిక ఒక్కటే మిగిల్చి పై వాళ్ళకి ఇస్తాను. అంతవరకే నేను. వాళ్ళు దానితో ఏం చేస్తారో నాకు తెలియదు. ఉతికి పంపిన దుప్పటి మీద ఎవరు పడుకుంటారో నువ్వు అడుగుతావా?

బిళ్ళ నీళ్ళలో పడుతుందేమోనన్న భయం కూడా వద్దు. ఇక్కడ సబ్బునీళ్ళలో రోజంతా నానబెట్టి చూశాం, ఏమీ కాలేదు.

ఈ పనిలో చేరిన కొత్తలో మనుషుల నడకలన్నీ తెర మీద గీతలుగా చూస్తుంటే నువ్వే గుర్తొచ్చేదానివి. బడికి నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళేదానివి. గోడ దూకి ఎడమ మడమ విరగ్గొట్టుకున్నాక నీ నడకకి ఒక తాళం వచ్చింది. టక్, టక్, కాస్త ఆగి టక్. ఆ ఆగినచోట నేనొక గెంతు గెంతేవాణ్ణి. ఎనిమిదేళ్ళు అలాగే వెళ్ళాం. నిన్ను కొలవడం నాకు కొత్తేమీ కాదు.

ప్రతిదాన్నీ అనుమానించకు. బావని అడిగానని చెప్పు.

పెన్సిలు

*

జూన్ 24

ఒరేయ్ పెన్సిలూ,

చేతికి ఆవిరి తగిలి బొబ్బెక్కింది. అందుకని మా బొత్తాలావిడ చేత రాయిస్తున్నాను. రోగుల గౌన్లకి బొత్తాలు కుట్టేది ఈవిడే. దస్తూరి ముత్యాలే. నోరు మాత్రం కాదు. (తమ్ముడుగారూ, నోరు సంగతి ఎవరు ఎవరిని అంటున్నారో మీకే తెలుసు.) చూశావా, అప్పుడే తన మాట దూర్చింది.

ఉతికిన దుప్పటి మీద ఎవరు పడుకుంటారో అడుగుతానా అన్నావు. అడుగుతాన్రా. రోగి పడుకుంటాడు. అది తెలుసు కాబట్టే మరక ఉంటే వెనక్కి పంపుతాను. నువ్వు ఎవరు పడుకుంటారో తెలియకుండా ఉతుకుతున్నావు. నీకు తెలియదన్నావు కనక చెప్తున్నా విను.

పదో తేదీన గోడకి బోర్డు తగిలించారు. నంబరు పక్కన రోజూ ఒక చుక్క. ఆకుపచ్చ అయితే నిలకడైన చెయ్యి. పసుపైతే జాగ్రత్త. మూడు ఎర్రచుక్కలు పడితే "విశ్రాంతి". ఆ మాట విని మొదట సంతోషించాం కూడా. కుర్చీ వేస్తారేమో అనుకున్నాం. విశ్రాంతి అంటే ఇంటికి పొమ్మనడమట. ఎంత ముద్దుగా పేర్లు పెడతార్రా!

మాలో ఒకావిడకి కుడిచెయ్యి వణుకుతుంది. పని చేస్తున్నప్పుడు కాదు, ఊరికే ఉన్నప్పుడు. ట్రాలీ కోసం ఎదురుచూస్తూ నిలబడితే వేళ్ళు వాటంతటవే ఆడతాయి. దుప్పటి అంచు పట్టుకోగానే సర్దుకుంటాయి. ఆవిడ మడిచిన మడత ఇవాళ్టికీ అంచుకి అంచు కలుస్తుంది. ఇన్నాళ్ళూ ఎవరూ వేలెత్తి చూపలేదు. నీ బొత్తం చూపింది. రెండు రోజుల్లో రెండు ఎర్రచుక్కలు. ఇరవై ఏళ్ళకి పైగా చేసిన మనిషి, ఇంక ఒక్క చుక్క దూరంలో ఉంది. ఆ చుక్క పడకుండా మేం చూసుకుంటున్నాం. ఎలాగో నీకు చెప్పను. నువ్వు నా తమ్ముడివే. కానీ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఎవరివో నాకు తెలియదు.

(ఇక్కడ మీ అక్క ఒక తిట్టు చెప్పింది. మా నాన్న పేరు నిలబెట్టాలి కాబట్టి నేను రాయను.)

అక్క

*

జులై 2

అక్కకి,

బొబ్బ తగ్గిందా? కాలిన చోట నీళ్ళు తగలనీయకు. తగలనీయకుండా నీ ఉద్యోగం ఎలా చేస్తావో నాకు తెలియదులే.

మీ బొత్తాలావిడకి నమస్కారాలు. కానీ ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ ఉత్తరం నిజంగా నువ్వు చెప్పిందేనా? నువ్వు వాదించేటప్పుడు మధ్యలో నాలుగు దారులు తొక్కుతావు. అందులో మాటలు మరీ కుదురుగా ఉన్నాయి. కార్మిక సంఘం వాళ్ళెవరైనా నీ వెనక కూర్చుని రాయిస్తున్నారా? నిన్ను ముందుకు తోసి వాళ్ళు వెనక నిలబడతారక్కా. నీకు అన్నీ తొందరే.

ఇక శుభవార్త. ఆ వణుకు గొడవ తీరిపోయింది. జూన్ పదిహేను నుంచి మీ ఫైలు నా చేతికి వచ్చింది. అంతకుముందుది వేరేవాళ్ళు చూశారు. అందులో ఒక విచిత్రం. ఒక వణుకు నంబరు నుంచి నంబరుకి తిరుగుతోంది! సోమవారం తొమ్మిదిలో, మంగళవారం ఇరవై రెండులో, తర్వాత ఇరవై ఏడులో. వణుకు మనిషి నుంచి మనిషికి నడిచి వెళ్ళదు కదా. కాబట్టి అది మనిషిది కాదు, ఏదో యంత్రం అదురు. దాన్ని పట్టుకుని తీసేసే ఏర్పాటు చేశాను. ఇప్పుడు అది ఎవరి అంకెల్లో పడినా తనంతట తనే తుడుచుకుపోతుంది. మా పై ఆయన భుజం తట్టాడు. ఆ ఒకావిడకి చెప్పు, ఇక ఎర్రచుక్క పడదు.

ఇంకో మాట. చేయకూడదు గానీ చేశాను. నీ నంబరు పధ్నాలుగు అని రాశావు కదా, తీసి చూశాను. అక్కా! హాలు మొత్తానికి నీదే నిలకడైన చెయ్యి. అందరూ మధ్యాహ్నం మూడింటికి సోలిపోతారు, నువ్వు పొద్దున ఎలా ఉన్నావో సాయంత్రమూ అలాగే. యాభై మూడేళ్ళ వయసులో! గర్వంతో ఛాతీ ఉప్పొంగింది. నివేదికలో పధ్నాలుగో నంబరుని నమూనా చెయ్యిగా చూపించాను. అది మా అక్క చెయ్యని నాకొక్కడికే తెలుసు, ఎక్కడా రాయలేదు.

పెన్సిలు

*

జులై 9

ఒరేయ్,

నా వెనక ఎవరో కూర్చుని రాయిస్తున్నారా? నీకు అ ఆలు దిద్దించింది ఎవర్రా? నా నోటికి ఇంకొకళ్ళ మాటలు కావాలా? సంఘం పేరు ఎందుకు ఎత్తావు? ఎవరు కనుక్కోమన్నారు నిన్ను? మీ పై ఆయనా, మా పై ఆయనా, ఇద్దరూ ఒకటేనా? సూటిగా జవాబు చెప్పు.

కోపంలో రాసిన నంబరు పట్టుకుని నా చేతిని తీసి చూశావు. పేర్లుండవు, మొహాలుండవు అన్నావు కదా! ఒక్క ఉత్తరంతో ఆ నంబరుకి మొహం వచ్చేసింది. రేపు ఇంకెవడికో ఇంకో కాగితంతో వస్తుంది. ఇదేరా నేను మొదటినుంచీ మొత్తుకునేది.

నీ గర్వం ఏం చేసిందో తెలుసా? నిన్న సూపర్‌వైజరు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ వచ్చాడు. "పధ్నాలుగు, మీరు హాలుకే మొదటి చెయ్యి అట" అన్నాడు. ఇరవయ్యో తేదీ సోమవారం నుంచి నన్ను వేడి రోలరు మీద వేస్తారట. రోలరంటే నీకు తెలీదు. మనిషి పొడవు ఇనప రోలర్లు రెండు, మధ్యలో తడి దుప్పటి అందించాలి. అందించి, దుప్పటి లోపలికి వెళ్ళేదాకా వేళ్ళు అంచు దగ్గరే ఊరికే ఆన్చి ఉంచాలి. ఒక్క అంగుళం ముందుకు జారితే దుప్పటితో పాటు చెయ్యీ వెళ్తుంది. పోయినేడాది అక్కడ చేసినావిడకి ఇప్పుడు ఎనిమిది వేళ్ళు.

నేను వెళ్ళలేను. నమూనా అని రాసింది వెనక్కి తీసుకో. ఎందుకని అడక్కు. చిన్నప్పుడు అన్నీ అడిగేవాడివి, ఇది మాత్రం అడక్కు.

అక్క

[కవరు అంటించే మడత లోపల, సన్నటి అక్షరాలతో:]

తమ్ముడుగారూ, ఇది ఆమెకి తెలియకుండా రాస్తున్నాను. బొబ్బ లేదు, ఏమీ లేదు. ఆమె స్వయంగా రాసిన మొదటి ఉత్తరం ఉంటే తీసి, ఒక్కో వరసా మొదటినుంచి చివరిదాకా చూడండి. ఇంతకంటే రాస్తే నా బొత్తాలు నా చేతే మింగిస్తుంది.

*

జులై 14

అక్కా,

జూన్ మూడో తేదీ ఉత్తరం తీశాను. అప్పుడు చదివాను గానీ చూడలేదు. ప్రతి వరసా పెద్ద అక్షరాలతో మొదలై చివరికి వచ్చేసరికి చీమలంత అయిపోతోంది. "కంపెనీ" అన్నచోట గుడిదీర్ఘం మూడుసార్లు అదిరింది.

తర్వాత నేను ముట్టకూడని ఫైలు తీశాను. ఏమీ ఉతకనిది, మొదటి పది రోజులది. అప్పుడు ఆ వణుకు ఎక్కడికీ తిరగలేదు. పధ్నాలుగులోనే ఉంది. పన్నెండో తేదీ తర్వాత అది ఊరేగడం మొదలుపెట్టింది. ఆ రోజునుంచి పధ్నాలుగో నంబరు పొద్దున ఒకలా నడుస్తుంది, మధ్యాహ్నం ఒకలా, సాయంత్రం మరొకలా. మూడు నడకలు, ఒక నంబరు. అలిసిపోకముందే పట్టీ చేతులు మారుతోంది. అందుకే అలసట లేదు. మీరంతా కలిసి ఒక మనిషిని ఎంత బాగా కాపాడారంటే, ఎక్కడా లేని చెయ్యి తయారైంది. దాన్ని చూసి నేను గర్వపడ్డాను.

వణుకు ఉన్నచోటల్లా నడుము పట్టీ కూడా చూశాను. తొమ్మిదైనా, ఇరవై రెండైనా, ఇరవై ఏడైనా ఒకటే నడక. టక్, టక్, కాస్త ఆగి టక్.

ఆ ఒకావిడ నువ్వే కదా. పోయినసారి నేనొచ్చినప్పుడు నాకు టీ ఇచ్చి నువ్వు తాగలేదు. కడుపులో బాగాలేదన్నావు. బావకి తెలుసా? డాక్టరుకి చూపించావా?

నేను తుడిచింది యంత్రం అదురు కాదు, నిన్ను. నమూనా మాట వెనక్కి తీసుకుంటానని పై ఆయనతో చెప్పాను. కారణం అడిగాడు. అంకెలు మళ్ళీ చూసి చెప్తానని తప్పించుకున్నాను. కారణం చెప్తే నీ ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే నీ చెయ్యి. ఇంకా ఎవరికీ చెప్పలేదు, నమ్మితే నమ్ము.

వణుకుని తుడిచే ఏర్పాటు నా చేతిలోనే ఉంది. ఉంచితే నువ్వు పచ్చచుక్కతో రోలరు దగ్గరికి వెళ్తావు. తీసేస్తే ఎర్రచుక్కతో ఇంటికి. ఏం చేయను అక్కా? ఇన్నాళ్ళూ నిన్నడక్కుండా చేశాను. ఇప్పుడు అడుగుతున్నాను.

పెన్సిలు

*

జులై 23

ఒరేయ్ పెన్సిలూ,

నీ ఉత్తరం శనివారం అందింది. బొత్తాలావిడతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి పక్కన కూర్చుంది. నేను జరిగి చోటిచ్చాను.

మీ బావకి ఆదివారం చెప్పాను. "టీ సగం గ్లాసే పోసుకుంటున్నప్పుడే అనుకున్నాను" అన్నాడు. అనుకుని ఆరు నెలలు నోరు మూసుకున్న మనిషిని ఏమనాలో చెప్పు. ఈ ఇంట్లో అందరూ కొలతగాళ్ళే.

సోమవారం వెళ్ళాను. రోలరు ముందు నిలబెట్టారు. సూపర్‌వైజరు "మొదలుపెట్టండి, పధ్నాలుగు" అన్నాడు. పట్టీలు విప్పి అతని చేతిలో పెట్టాను. కుడిచెయ్యి చాపి, ఊరికే గాల్లో ఉంచాను. ఎప్పుడూ జేబులో దాచే చెయ్యిరా, సిగ్గుతో ఒళ్ళంతా చెమట పట్టింది. అది ఆడింది. హాలంతా చూశారు. "ఇదయ్యా నా చెయ్యి. నీ బోర్డు మీదున్నది నాది కాదు. దీన్ని రోలరులో పెట్టమంటావా?" అన్నాను. ఉపన్యాసం ఇవ్వలేదు. మొదటిసారి రెండు ముక్కల్లో ముగించాను.

అతను బోర్డు చూశాడు, నా చెయ్యి చూశాడు, మళ్ళీ బోర్డే చూశాడు. "కానీ ఇక్కడ పచ్చగా ఉందే" అన్నాడు. కళ్ళెదుట ఆడుతున్న చెయ్యిని వదిలేసి చుక్కని నమ్మాడురా! నీ మీద కోపం అప్పుడు కాస్త తగ్గింది. నువ్వు చెయ్యిని చూడకుండా నమ్మావు, అతను చూసి కూడా నమ్మలేదు.

అప్పుడు ఇరవై రెండో నంబరావిడ పట్టీలు విప్పింది. తర్వాత తొమ్మిది. తర్వాత ఇక నేను లెక్కపెట్టలేదు. అతని చేతిలో ఉన్న నావి కూడా లాక్కుని, అన్నీ ఒక దిండుగలీబులో పోసి, మూతి ముడివేసి, దుప్పట్లతో పాటు పెద్ద డ్రమ్ములో పడేశారు. సబ్బునీళ్ళలో పాడవవని నువ్వే రాశావుగా. నీ ఫైల్లో ముప్ఫై రెండు మంది నలభై నిమిషాలు ఒకేసారి గిరగిరా తిరుగుతూ కనిపిస్తే కంగారుపడకు. బావుంది ఆరోగ్యం అందరిదీ.

నన్ను ఇంటికి పంపారు. ఉత్తర్వు ఏమీ రాలేదు, "చెప్తాం" అన్నారు. నాకు మడత బల్ల తిరిగిచ్చేదాకా పట్టీలు కట్టుకునేది లేదని మిగతావాళ్ళు గేటు దగ్గర చెప్పారట. ఇవాళ్టికి మూడు రోజులు. ఎన్నాళ్ళు నిలబడతారో తెలియదు. అందరికీ ఇళ్ళున్నాయి, పొయ్యిలున్నాయి. ఎవరైనా కట్టుకుంటే తప్పు పట్టను. డాక్టరు దగ్గరికి వచ్చే గురువారం.

ఏం చేయమంటావని అడిగావు. చెప్తున్నాను. తుడిచే ఏర్పాటు తీసెయ్. మొదటి పది రోజుల ఫైల్లో నా వణుకు ఎలా ఉందో అలాగే ఉంచు. డ్రమ్ములో తిరిగిందీ ఉంచు. మీ పై ఆయన ఇదేమిటి అంటే, మనుషులని చెప్పు. చెప్తావో చెప్పవో నాకు తెలియదు. నిన్ను ఇంకా పూర్తిగా నమ్మలేదు. ఆదివారం వస్తే మొహం చూసి తేల్చుకుంటాను. ఆ సంచి మాత్రం తేకు.

ఇది నేనే రాశాను. మూడు రోజులు పట్టింది. బొత్తాలావిడ చూసి, ఎవరికీ అర్థం కాదు, శుభ్రంగా తిరగరాసిస్తానంది. వద్దన్నాను.

అక్క